వీరాస్వామి తొడిగిన గాజులు

2002 వేసవి. బందరులో మాకు గాజుల కొట్టు ఉన్నా, వారానికోసారి బుట్టలు కట్టుకుని బస్సెక్కి అవనిగడ్డ సంతకు వెళ్లేదాన్ని. మా అత్తగారు నేర్పిన పని ఇది. చెయ్యి పట్టుకుని చూస్తే చాలు, ఏ సైజు పడుతుందో చెప్పేస్తాను. సైజుల్ని మేము టూ ఫోర్, టూ సిక్స్, టూ ఎయిట్ అంటాం. గాజు లోపలి వెడల్పు రెండంగుళాలు, ఆపైన అంగుళంలో పదహారో వంతులు నాలుగో, ఆరో, ఎనిమిదో అని అర్థం. వయసు మళ్లిన వాళ్ల చేతులతోనే చిక్కు. మణికట్టు సన్నబడుతుంది, వేళ్ల మొదట్లో కణుపులు బిగుసుకుపోతాయి. కణుపు దాటే గాజు వేస్తే వదులై జారిపోతుంది, మణికట్టుకు సరిపోయేది కణుపు దాటదు.

నాంచారమ్మక్క చెయ్యి అలాంటిదే. వాళ్లది నాగాయలంక అవతల సముద్రపు ఒడ్డున ఊరు. ఆమె చేపల గంప ఎత్తేది, భర్త వీరాస్వామి వేటకు వెళ్లేవాడు. పిల్లల్లేరు. గాజుల కోసం ఆమె ఒక్కతే రావడం నేనెప్పుడూ చూడలేదు. అతను పక్కనే చతికిలబడి రంగులు ఎంచేవాడు. "ఎరుపొద్దు చెల్లెమ్మా, చేప నెత్తుట్లో కలిసిపోద్ది. పచ్చయ్యి చూపించు" అనేవాడు. జుట్టు మొత్తం నెరిసి వేట మానేశాక కూడా అంతే. ఈ వయసులో సరసాలేంటి మావయ్యా అని పక్క కొట్టువాళ్లు ఆటపట్టిస్తే, నా పెళ్లాంతో కాకపోతే నీ పెళ్లాంతో ఆడమంటావా అని నోరు మూయించేవాడు.

ఒకసారి నేను తొడుగుతుంటే ఆమె అబ్బా అంది. వెంటనే అతను, ఆ పనేదో నాకు నేర్పు అన్నాడు. నా పనితనం మీద అంత నమ్మకం లేదా అని నాకు కోపం వచ్చింది. అయినా నేర్పాను. సబ్బు నురుగు రాయాలి, బొటనవేలు అరచేతిలోకి మడవాలి, చిటికెన వేలి కింద ఎముకను మెల్లగా లోపలికి నొక్కాలి, ఊపిరి వదిలేటప్పుడు గాజును నెట్టాలి. వలలు లాగి కాయలు కాసిన ఆ వేళ్లతో నేర్చుకున్నాడు. ఆ తర్వాత నా దగ్గర గాజులు కొనుక్కెళ్లి ఇంటి దగ్గర అతనే తొడిగేవాడు.

ఆ 2002 వేసవిలోనే అతను జ్వరంతో పోయాడు. పదో రోజుకు చేతుల నిండా పట్టేటన్ని గాజులు తెమ్మని వీరాస్వామి అక్క కబురు పంపింది. తెలియనివారి కోసం చెబుతాను. భర్త పోయినామెకు ఆ రోజు ఆఖరిసారిగా పసుపు రాసి, పూలు పెట్టి, గాజులు తొడిగి నలుగురి ముందూ కూర్చోబెడతారు. అందరూ చూశాక ఆ గాజులు పగలగొడతారు. పగలగొట్టడానికే తొడగడం. ఏడ్చేవాళ్లను ఇంకా ఏడిపించడానికి ఇంత ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గాని, వాళ్లు ఎదురుపడితే కడిగేద్దామని ఉంటుంది నాకు.

గాజులిచ్చి వచ్చేద్దామనే వెళ్లాను. కానీ ఆడవాళ్లు తొడగబోతే ఒక్కటీ కణుపు దాటలేదు. తోసి తోసి ఆమె చెయ్యంతా గీరేశారు. ఇక చేతగాక నన్ను పిలిచి కూర్చోబెట్టారు. చేతులు పట్టుకుంటే అప్పటికే గాజులున్నాయి. వీరాస్వామి మంచం పట్టక ముందు తొడిగినవి.

"కొత్తయ్యి వద్దు ఖాసింబీ. ఇయ్యి పగలకుండా తియ్యగలవా? దాచుకుంటాను" అంది నాకొక్కదానికే వినబడేలా.

తొడగడం కన్నా తీయడం కష్టం. అందులోనూ తోపుళ్లకు వాచిన చెయ్యి. అయినా సరేనని సబ్బు అడిగాను. విషయం నాకు కబురు పంపిన ఆ ఆడబడుచుకు అర్థమైంది. తీసి దాచుకోవడమేమిటి, పగలగొట్టకపోతే పోయినవాడికి శాంతి ఉండదని లేచింది. చేతిలో రాయి కూడా ఉంది. తమ్ముడు జ్వరంతో మూలుగుతున్నప్పుడు గుక్కెడు గంజి తేని మనిషి, శాంతి సంగతి మాత్రం ఆమెకే తెలుసు. నేను ఊరుకోలేకపోయాను.

"ఆయన ఒక్కోటీ నొప్పి తగలకుండా తొడిగాడమ్మా. మీరు రాయెట్టి కొడితే ఆయనకి శాంతా?" అన్నాను.

"గాజులమ్ముకునేదానివి, అమ్ముకుని పో. మా కులం కాదు, మతం కాదు, మా ఇంటి ఆచారం నీకెందుకు?" అంది.

అక్కడున్న వాళ్లలో ఒక్కరూ ఆమెను ఆగమనలేదు. అప్పుడు నాంచారమ్మక్క నా చేతుల్లోంచి తన చేతులు లాక్కుని గుండెకు అదుముకుంది.

"తియ్యొద్దు ఖాసింబీ. పగలగొట్టనూ వద్దు. ఆయన తొడిగాడు, ఉంటయ్యి. నేను పోయినరోజు వీటితోనే తీసుకెళ్లండి" అంది.

రాయి పట్టుకున్న ఆడబడుచు ఆ గుండెకు అదిమిన చేతుల్ని విడదీయలేకపోయింది. తనవాళ్లందరినీ వెంటబెట్టుకుని, పదో రోజు భోజనం ముట్టకుండానే వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ ఊళ్లో నాంచారమ్మక్కను పెళ్లికి పిలిచినవాళ్లు లేరు. పొద్దున్నే ఎదురైతే తలుపులు వేసుకునేవారు, ఆమె గంపలో చేప ముట్టేవారు కాదు. కట్టుకున్నదాన్ని కొట్టి తిట్టి చంపుకుతిన్న మగవాళ్లు పోతే ఆ భార్యల మీద జాలి పడ్డ నోళ్లే ఇవన్నీ. జీవితమంతా ప్రేమగా బతికిన మనిషికి మాత్రం దొరికింది ఈ వెలి. ఇప్పటికీ తలుచుకుంటే నాకు నెత్తురు ఉడుకుతుంది.

చేపల పనిలో ఆ గాజులు కొన్ని పగిలాయి. సంతలో కనబడినప్పుడు కొత్తవి వేసుకోమని నేనే అడిగాను. డబ్బులొద్దన్నాను. ఆమె నవ్వి, తొడిగేవాడేడి అని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే. పదో రోజుకు గాజులు కావాలని ఎవరొచ్చినా, కట్ట విప్పే ముందు, ఆవిణ్ని అడిగారా అంటాను. కొందరు తిట్టుకుంటూ పక్క కొట్టుకు వెళతారు. కొందరు నా వైపు వింతగా చూస్తారు. అడిగామన్నవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ రాలేదు.