అలాగేనండి అన్న పాపానికి

మా తోటికోడలంటే నాకు కుళ్లు. దాచుకోవడం దేనికి? ఇద్దరం ఒకే మున్సిపాలిటీలో కౌన్సిలర్లం. నాది కాలువ గట్టు వార్డు, దానిది మార్కెట్ వార్డు. నా తర్వాతే మా అత్తారింటికి కాపురానికొచ్చింది. అయినా మా అత్తగారి దగ్గర్నుంచి ఛైర్‌పర్సన్ గారి దాకా అందరికీ దాని మాటే ముద్దు.

కొవ్వూరు నుంచి పొద్దున్నే బస్సులో గంపలతో వచ్చే చేపల ఆడవాళ్లు నా వార్డులో, కాలువ గట్టు మీద ఎండలో కూర్చుని అమ్ముకునేవారు. వాళ్లకో షెడ్డు వేయాలని తీర్మానం పెట్టింది నేను. ఒక్కొక్క సభ్యుణ్ణీ బతిమాలి నెగ్గించుకున్నాను. కమిషనర్ గారేమో దాన్ని అభ్యంతరంతో వెనక్కి పంపారు. స్థలం ఇరిగేషన్ వాళ్లదట.

తర్వాతి సమావేశంలో ఆయన ఆ అభ్యంతరం చదివి వినిపించి, నా వైపు చూశారు. "ఇదమ్మా సంగతి. గమనించండి."

"అలాగేనండి" అన్నాను.

పెద్దమనిషి ఏదైనా చెప్పాక అలా అనడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. ఆయనది ఈ ప్రాంతం కాదు. వెంటనే గుమాస్తాతో, "సభ్యురాలు తీర్మానం వెనక్కి తీసుకున్నారు, రాసుకో" అన్నారు. షెడ్డు పోయినట్టే అనుకున్నాను.

అప్పుడు లేచింది మా తోటికోడలు మహాతల్లి, నవ్వుతూ.

"అయ్యా, మా వైపు అలాగేనండి అంటే విన్నామని అండి, ఒప్పుకున్నామని కాదు. నచ్చని పెళ్లిసంబంధాన్ని కూడా మేం అలాగేనండి అనే సాగనంపుతాం."

హాలంతా గొల్లున నవ్వింది. కమిషనర్ గారూ నవ్వేశారు. ఆ నవ్వులు ఆగకముందే మా తోటికోడలు అసలు విషయానికొచ్చింది. "స్థలం వాళ్లదైతే అనుమతి అడుగుదామండి. మీ అభ్యంతరానికి మా జవాబు అదే. తీర్మానం మాత్రం మళ్లీ పెడుతున్నాం."

ఛైర్‌పర్సన్ గారు చేతులెత్తమన్నారు. ఎత్తితే ఘనత దానిది. ఎత్తకపోతే చేపల వాళ్లు మళ్లీ ఎండలోనే. ఎత్తాను, ఏం చేస్తాను! అన్ని చేతులూ లేచాయి.

"ప్రతిపాదించినవారు ఎవరని రాయమంటారండి?" అన్నాడు గుమాస్తా. ఇక ఊరుకునేది లేదు, ఇక్కడ తగువు పడాల్సిందేనని కొంగు దోపుకుని లేచాను.

"మా అక్కయ్య పేరేనండి, ఇంకెవరిది?" అంది తను.

ఆ మంచితనానికి అందరూ బల్లలు చరిచారు. నా తీర్మానం కింద నా పేరుండటం కూడా చివరికి దాని దయే అయింది.