పన్నెండు అంగుళాలకు ఒక పురి

పోయినవాటితోనే మొదలుపెడతాను. ఎనిమిది మేకపిల్లలు. ఒక ముసలి మేక. కాపలా కుక్క ఎడమ చెవిలో సగం. ఉత్తరం వైపు కంచె కింద నేల తవ్వి దూరిన చోట పది అడుగుల జాలీ. నా రైఫిల్ బారెల్ లోపల, తూటా పేలే చివరన, మూడంగుళాల మేర గాడులు. ఇవన్నీ ఒక్క ఆకురాలు కాలంలో మా అక్క పొలంలో పోయాయి. ఆ తర్వాత పోయిన మూడు పిల్లలను ఈ వరుసలో చేర్చలేదు. వాటి లెక్క వేరు.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. డాలస్‌లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాక ప్లేనోలోని ఇల్లు అమ్మేసి, అక్కడికి ఉత్తరాన కారులో గంటంపావు దూరంలో పన్నెండెకరాలు కొని మేకలను పెట్టింది. బారసాలకో గృహప్రవేశానికో మాంసం కావలసినవాళ్ళు ఆమెకు ఫోన్ చేసి మేకను బుక్ చేసుకుంటారు. నేను ప్లేనోలోనే ఒక కిరాణా సరుకుల గోడౌన్‌లో స్టాకు చూస్తాను. పెద్ద చదువులు లేవు. లెక్క మాత్రం నా అంతట నేనే పట్టుకున్నాను. శని, ఆదివారాలు అక్క దగ్గరకు వెళ్తాను. అక్కడ నా పని మేకపిల్లలను ఎత్తుకుపోయే కయోటీలను ఆపడం. గ్రీన్ కార్డు వచ్చాక వేట లైసెన్సు తీసుకుని, ఆ పని కోసమే పాత రైఫిల్ ఒకటి కొన్నాను.

అక్క కయోటీని నక్క అనే అంటుంది. ఎనిమిదో పిల్ల పోయిన ఆదివారం ఆమె గడ్డి మోపు మీద కూర్చుని చెప్పింది:

"జనవరిలో పద్దెనిమిది మేకలు ఈనుతాయి. ఆ పిల్లలు దక్కాయా, సరే. దక్కలేదా, మార్చిలో మంద మొత్తం వేలానికి తోలేసి సిటీలో సింగిల్ బెడ్‌రూమ్ తీసుకుంటా. ఎనిమిదో ఫ్లోర్. నక్క లిఫ్టెక్కి రాదుగా."

"అక్కా, రైఫిల్ తప్పుతోంది. బారెల్ అరిగిపోయింది. మార్చాలి."

"మార్చు మరి. నీ లెక్కలు విని నక్కలు పారిపోవు."

ఊరికే అన్న మాట కాదది. రిటైర్మెంటు డబ్బులో ముప్పాతిక వంతు ఆ పొలంలోనే ఉంది. ఉద్యోగం మానేశాక తెల్లారి లేవడానికి ఆమెకున్న కారణమూ ఆ మేకలే.

తుపాకులు బాగుచేసే మనిషి బారెల్‌లోకి సన్నటి కెమెరా దూర్చి నాకు చూపించాడు. నున్నగా, గాడులు తేలి కనిపించాల్సిన చోట ఎండిన బురదలా నెర్రెలు విచ్చి ఉంది. ఇక దీనితో పని లేదనీ, కొత్తది తెప్పించుకుంటే బిగించి ఇస్తాననీ చెప్పాడు. మొదట్లో నూరు గజాల దూరాన ఐదు తూటాలు కాలిస్తే అన్నీ అంగుళం వెడల్పులో పడేవి. ఇప్పుడు నాలుగంగుళాలకు చెదురుతున్నాయి. కయోటీ ఛాతీ ఎంతో ఉండదు. నాలుగంగుళాలు చెదిరితే మిగిలేది అదృష్టమే.

బారెల్ ఎంచుకోవడంలో మూడు సంగతులు తేలిగ్గా తేలాయి. మేత పెట్టే షెడ్డు కిటికీలోంచి కాలుస్తాను కాబట్టి పొడుగు వద్దు, ఇరవైనాలుగు అంగుళాలు చాలు. ఒకచోట కూర్చునేవాడిని, భుజాన మోసుకు తిరిగేవాడిని కాదు కాబట్టి లావుది. లావుది ఆలస్యంగా వేడెక్కుతుంది. వర్షంలో కూడా బయటే ఉంటుంది కాబట్టి స్టెయిన్‌లెస్.

నాలుగోది ట్విస్టు, అంటే పురి. బారెల్ లోపలి గాడులు మెలి తిరిగి ఉంటాయి. వాటి వెంట వచ్చే గుండు బొంగరంలా తిరుగుతూ బయటపడుతుంది. గుండు ఎంత బరువైతే అంత పొడుగు. ఎంత పొడుగైతే అంత గట్టిగా తిప్పాలి, లేకపోతే దారిలోనే తూలుతుంది. ఉత్తర టెక్సస్ గాలికి తేలిక గుండు పక్కకు కొట్టుకుపోతుందని బరువైన గుళ్ళు వాడదామనుకున్నాను. పాత బారెల్ మీద ట్విస్టు తొమ్మిది అని ఉంది. అమ్మకానికి ఎనిమిది, తొమ్మిది, పన్నెండు ఉన్నాయి.

ఆ సాయంత్రం అక్క పాల సీసాలు కడుగుతుంటే ఏది తీసుకోమంటావని అడిగాను.

"తొమ్మిది బాగానే ఉండేదిగా?" అంది.

"గుండు బరువు పెంచుతున్నానక్కా. పురి ఇంకా ఎక్కాలి."

"అయితే పన్నెండే తీసుకో. ఆలోచించడానికి ఏముంది? పురి చాలకపోతే ఏది నిలుస్తుంది?"

మా ఇద్దరికీ అందులో ఆలోచించాల్సింది కనిపించలేదు. మాది నూలుకు పురి ఎక్కించే ఇల్లు. అమ్మ, పెద్దమ్మ ఒకే వసారాలో పనిచేసేవారు. షావుకారు వచ్చి దారాన్ని వేలికి చుట్టుకుని మొదట అడిగే ప్రశ్న, అంగుళానికి ఎన్ని పురులు అనే. అంగుళం దారం తీసుకుని, గుండుసూదితో పురి విప్పుతూ లెక్కపెట్టి చెప్పడం పిల్లలుగా మా పని. ఎనిమిదంటే మెత్తటి దారం. పన్నెండంటే గట్టి దారం. నాకు వచ్చిన మొదటి లెక్క అదే.

పన్నెండుకే ఆర్డర్ చేశాను. క్రిస్మస్ ముందు వచ్చింది, జనవరి మొదటి వారంలో బిగించి ఇచ్చారు. బరువైన గుళ్ళ తూటాలు రెండు పెట్టెలు కొన్నాను.

నూరు గజాల దూరాన పాత ప్లైవుడ్ చెక్కకు కాగితం కొట్టి ఐదు కాల్చాను. కాగితం మీద మూడే కన్నాలున్నాయి. అవీ గుండ్రంగా లేవు, తాళం కన్నాల్లా నిలువుగా చీరుకున్నాయి. చెక్క పాతదై పెళ్ళలు లేస్తోందనుకున్నాను. మిగతా రెండూ పక్కకు పోవడానికి రైఫిల్ మీది టెలిస్కోపు మరలు వదులై ఉంటాయనుకుని బిగించాను. ఇంకో వారం ఆగి చూసుకోవాల్సింది. కానీ అప్పటికే మేకలు ఈనడం మొదలుపెట్టాయి.

ఆ శనివారం తెల్లవారుతుండగా కయోటీ వచ్చింది. షెడ్డుకు నూటయాభై గజాల దూరాన పక్కకు తిరిగి నిలబడింది. అంతకంటే తేలిక గురి దొరకదు. కాల్చాను. దానికి నాలుగడుగుల ఎడంగా మట్టి లేచింది. అది తీరిగ్గా కంచె కింద దూరి వెళ్ళిపోయింది.

వెనక నుంచి అక్క, "పలకరించావా?" అంది.

సోమవారం పొద్దున అదో, దాని జోడో తిరిగి వచ్చింది. గోధుమ రంగు చెవుల మేక ఒకే ఈతలో వేసిన మూడు పిల్లలూ పోయాయి. మూడూ ఆడవే. అక్క గోడౌన్‌కి ఫోన్ చేసి, "మూడు," అని పెట్టేసింది.

ఆ సాయంత్రం పని దిగి నేరుగా పొలానికి వెళ్ళాను. రైఫిల్ ఖాళీ చేసి వంటగది బల్ల మీద పెట్టి, శుభ్రం చేసే కడ్డీకి గుడ్డ బిగువుగా చుట్టి బారెల్‌లోకి తోశాను. గుడ్డ గాడుల వెంట పోతుంది కాబట్టి కడ్డీ కూడా తిరుగుతుంది. కడ్డీ మీద ఒక గీత గీసి, అది పూర్తిగా ఒక చుట్టు తిరిగేసరికి కడ్డీ ఎంత లోపలికి పోయిందో అక్క కుట్టు టేపుతో కొలిచాను. పన్నెండు అంగుళాలు. మళ్ళీ కొలిచాను. పన్నెండే.

"అంగుళానికి పన్నెండు కాదా?" అంది అక్క.

"కాదక్కా. పన్నెండంగుళాలకి ఒకటి. వీళ్ళ లెక్క తిరగేసి ఉంది. ఎనిమిదే గట్టిది."

ఆమె టేపు తీసుకుని చుట్టేసింది. "అంటే ఇది దారమే కాదురా. దూది."

నవ్వు మాత్రం రాలేదు ఎవరికీ. బయట ఆ మేక పిల్లల కోసం అరుస్తూనే ఉంది.

ఎనిమిది బారెల్ కావాలంటే ఆరు వారాలన్నారు. ఆరు వారాల్లో ఈతలన్నీ అయిపోతాయి. కాబట్టి బారెల్‌ను అలాగే ఉంచి గుండును మార్చాను. తక్కువ పురికి సరిపోయే అతి తేలికైన గుళ్ళు తెచ్చి ఐదు కాల్చితే, కన్నాలన్నీ గుండ్రంగా, పావు డాలరు నాణెం కింద కనపడకుండా పోయేంత దగ్గరగా పడ్డాయి. గాలికి కొట్టుకుపోయే గుణం ఎక్కడికీ పోదు కాబట్టి ఆ గాలికి అంత వ్యవధి ఇవ్వకూడదు. నూటయాభై గజాలు దాటి కాల్చకూడదని నిర్ణయించుకుని, షెడ్డు వదిలి, ఉత్తరం కంచె దగ్గర పడి ఉన్న పాత గుర్రాల ట్రెయిలర్‌లోకి కుర్చీ మార్చాను. గోడౌన్‌లో సెలవు పెట్టి వారం రోజులు అక్కడే కూర్చున్నాను. బుధవారం ఒకటి పడింది, శుక్రవారం దాని జోడు. ఆ తర్వాత ఆ శీతాకాలంలో ఒక్క పిల్ల కూడా పోలేదు.

మార్చిలో వేలం ఊసు నేను ఎత్తలేదు. అక్కే ఒకరోజు, "సింగిల్ బెడ్‌రూమ్‌లో గడ్డి ఎక్కడ పెట్టుకుంటాన్రా," అంది. అయితే అదే నోటితో లెక్క కూడా తేల్చింది.

"ముందరి ఎనిమిదీ నక్క ఖాతా. ఆ మూడూ నీ ఖాతా."

"పన్నెండే తీసుకో అన్నది నువ్వు కదక్కా!"

"నేను నర్సుని. తుపాకీ నీది."

వేలంలో చూలుతో ఉన్న మేకను కొని తెచ్చి ఇచ్చాను. అది ఒక ఆడపిల్లనూ ఒక పోతునూ వేసింది. తల్లితో కలిపి మూడు, బాకీ తీరిందన్నాను. అక్క ఒప్పుకోలేదు. పోయినవి మూడూ ఆడవి కాబట్టి పోతు లెక్కలోకి రాదంది. మరి తల్లి సంగతేమిటంటే, "అది వడ్డీ," అంది. మరుసటి ఏడు అదే మేక ఒక్కటే వేసింది. మళ్ళీ పోతు.

పన్నెండు బారెల్ ఇంకా రైఫిల్‌కే ఉంది. దాన్ని మార్చాల్సిన అవసరం రాలేదు. ఆ మేక ఇప్పుడు మళ్ళీ చూలుతో ఉంది. అక్క దాని కడుపు నిమిరి నా వంక చూసి రెండు వేళ్ళు చూపిస్తుంది. ఇవాళ్టికి నా బాకీ రెండు ఆడపిల్లలు.