ఎర్రబాణాల మునినారాయణప్ప

మునినారాయణప్ప కంటికి ఈ లోకంలో తప్పు లేని వస్తువు ఇంతవరకు ఆనలేదు. తప్పు చూసి ఊరుకుంటే ఆయన మునినారాయణప్ప ఎందుకవుతాడు? చొక్కా జేబులోంచి స్టిక్కర్ల చుట్ట తీసి, గోరంత ఎర్రబాణం ఒకటి చించి, తప్పున్న చోటికి సరిగ్గా మొన తిప్పి అంటిస్తాడు.

బొమ్మనహళ్ళిలో ఒక బట్టల ఫ్యాక్టరీలో తల నెరిసేదాకా ఆయన చెకర్‌గా చేశాడు. కుట్టిన చొక్కాలో కుట్టు జారినా, గుండీ వంకరపోయినా అక్కడ బాణం అంటించడమే ఆ ఉద్యోగం. ఫ్యాక్టరీ ఆయన్ని వదిలింది కానీ ఆయన బాణాలను వదల్లేదు. ఇంట్లో గోడ బీటకు బాణం, కారే కొళాయికి బాణం. వీధి చివర హోటల్లో ఇడ్లీపిండి పులవలేదని పళ్ళెం అంచుకు ఒకటి అంటించి వచ్చాడు. ఆనాటి నుంచి ఈయన మెట్లెక్కుతుంటే హోటలాయన వంటింట్లోకి తప్పుకుంటాడు.

కొడుకు అమరనాథ్‌కు పెళ్ళిచూపులని ఆనేకల్ వెళ్ళినప్పుడూ అంతే. అందరూ పిల్లను చూస్తుంటే ఈయన గుమ్మానికున్న తెరను చూశాడు. అంచు కుట్టు ఊడి ఉంది. ఇంకేం, బాణం! పిల్ల తల్లికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. పిల్ల మాత్రం నవ్వాపుకోలేక లోపలికి పరుగెత్తింది. ఆ పిల్లే సుమ. నిజం చెప్పాలంటే, అమరనాథ్ కన్నా ముందు ఆమెకు నచ్చింది ఈ మామగారే.

అలాంటి సుమకు నవ్వు రాని రోజులు వచ్చాయి. కూతురు అక్షరకు ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. పళ్ళెం కనిపిస్తే చాలు, పెదవులు బిగించేస్తుంది. పాలు వద్దు, పప్పు వద్దు, దోసె వద్దు. వద్దన్నదల్లా పారబోసి సుమ మళ్ళీ వండుతుంది. బాల్కనీలో కాకిని చూపిస్తూ తినిపిద్దామంటే, ఆ ముద్ద కాకి తినాల్సిందే కానీ అక్షర నోరు తెరవదు. సుమ మళ్ళీ ఆఫీసులో చేరి ఎన్నాళ్ళో కాలేదు. ఇంతలో డేకేర్ మేడం పిలిచి చెప్పేసింది. "పాప మధ్యాహ్నం ఏమీ ముట్టడం లేదండీ. సాయంత్రానికి వాడిపోతోంది, మాకు భయంగా ఉంది. ఈ వారం చూస్తాం. ఇలాగే ఉంటే మీరు ఇంట్లోనే చూసుకోవాలి."

ఇంట్లో చూసుకోవడమంటే సుమ ఉద్యోగం మానడమే. మామగారు తాను ఉన్నానన్నాడు కానీ, పిల్ల వెనక పరుగెత్తడానికి ఆయన మోకాళ్ళు ఒప్పుకోవు. లోకంలో ఆయన బాణం అంటించనివి ఆ రెండే.

మరునాడు పొద్దున రవ్వ ఉప్పిట్టు పళ్ళెం అక్షర తోసిన తోపుకు బల్ల చివరికి జారింది. సుమ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మునినారాయణప్ప ఆ పళ్ళేన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"ఏం తప్పుండాది దీంట్లో?" అని మనవరాలిని అడిగాడు.

"వద్దు."

"వద్దనేది తప్పు పేరు కాదమ్మా. తప్పు యాడుండాదో సూపించల్ల." అని ఒక బాణం చించి ఆమె చేతికి ఇచ్చాడు.

అక్షర అంతవరకు ఏ పళ్ళేన్నీ అంత దగ్గరగా చూడలేదు. వెతికి వెతికి, పళ్ళెం అంచున బాణం అంటించి ఒక ఆవగింజకు గురిపెట్టింది.

"ఇది. పళ్ళకింద టక్కంటాది."

"సరే, ఆవాలు రిజెక్ట్." తాత ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు. "మిగతాది పాసేనా?"

"తెలీదు."

"తెలీకుండా పాస్ చేస్తే చెకర్ పని పోతాదప్పా! నోట్లో ఏసుకోని సూడు."

అక్షర చిటికెడు రుచి చూసింది. "పాస్."

"ఒక్క చొక్కా సూసి లాటులో చొక్కాలన్నీ పాస్ చేస్తారా యాడన్నా? ఇంగా సూడు. ఆ పక్కనించి ఒకటి, ఈ పక్కనించి ఒకటి."

తనిఖీ పూర్తయ్యేసరికి పళ్ళెం ఖాళీ. సుమకు సంతోషించాలో కోప్పడాలో తెలియలేదు.

"మామా, వంకలు పెట్టేదానికి ఇంట్లో మీరొకరు చాలరా? దానికీ నేర్పిస్తాండారే!"

ఆ వారమంతా బాణాల వర్షమే. పాల మీది మీగడకు ఒకటి, చిత్రాన్నంలో కరివేపాకుకు ఒకటి, రాగిముద్దకు చారు తగిలినందుకు ఒకటి. తాను వండిన ప్రతిదాని మీదా వేలెడంత పిల్ల తీర్పు చెబుతుంటే సుమకు చిన్నతనంగానే ఉండేది.

వారం చివర డేకేర్ నుంచి ఫోన్ వచ్చింది. "ఒకసారి రండి." అంతే అన్నారు. ఉద్యోగం పోయినట్టేననుకుంది సుమ. మామగారిని వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది.

మేడం అక్షర టిఫిన్ డబ్బా తెరిచి చూపించింది. లోపల ఒకే ఒక్క బీన్సు పీచు, దానికి గురిపెట్టిన బాణం. మిగతాదంతా ఖాళీ.

"ఇదొక్కటే వదిలిందండీ! అంతటితో ఊరుకుందా? నా డబ్బాకూ ఒకటి అంటించింది, ఉప్పు తక్కువట. చూస్తే నిజంగానే తక్కువ! పాప ఇక్కడే ఉంటుంది, ఇంకేం భయం లేదు. స్టిక్కర్లు మాత్రం కాస్త తగ్గించి పంపండి."

"నా మనవరాలి కన్ను!" అన్నాడు మునినారాయణప్ప, మేడంతో ఒకసారి, గేటు దగ్గరి వాచ్‌మన్‌తో ఒకసారి.

అంతలో పిల్లల చేతులు కడిగిస్తున్న ఆయా అలివేలు పరుగున వచ్చింది. "అన్నా! మీరా! పాప బాణం ఏసినప్పుడే అనుకుంటిని!" ఆమె ఒకప్పుడు అదే ఫ్యాక్టరీలో కుట్టేది.

సుమ నవ్వింది. "ఈయన బాణాలతో మీరెంత ఏడ్చినారో!"

"మేమా? బాణం లేని చొక్కా తిరిగొస్తే ఏడ్చేవాళ్ళం మేడం. వేరే చెకర్లు తప్పుండాదని పడేసి పోతారు. అది యాడుండాదో తెలీక చొక్కా కుట్లన్నీ విప్పల్ల. అన్న బాణం ఏస్తే ఆ నాలుగు కుట్లు విప్పితే సాలు. పొద్దుండంగానే ఇంటికి పోతాంటిమి."

సుమ మామగారి వైపు చూసింది. ఆవగింజ కోసం తాను ఇన్నాళ్ళూ ఉప్పిట్టంతా పారబోసి మళ్ళీ వండుతూ వచ్చింది. ఆయన ఆ ఒక్క గింజనూ ఏరాడు. ఈయన తన మామగారని ఆ క్షణంలో ఆమెకు చెప్పలేనంత గర్వం కలిగింది.

"ఈ మాట ఎప్పుడూ చెప్పలేదేం మామా?"

"సెప్పేదేముండాది? తప్పిదని సూపిస్తే, మిగతాదంతా బాగుండాదనే గదమ్మా."

అక్షర తాత మెడకు వేలాడి ముద్దుపెట్టింది. వెంటనే మొహం చిట్లించి, ఆయన జేబులోంచి ఒక బాణం చించి గడ్డం మీద అంటించింది.

"తాతా, ఇక్కడ గుచ్చుకుంటాది. మిగతాదంతా పాస్."

మునినారాయణప్ప ఆ బాణం పీకలేదు. వీధి చివర ఆటో దిగి, హోటలాయన నోరు తెరుచుకుని చూస్తుండగా తలెత్తుకుని నడిచి, నేరుగా మంగలిషాపులో కూర్చున్నాడు. బాణం చూపిస్తున్న చోట రెండుసార్లు గియ్యమన్నాడు.