చాచా తీసేసిన వాల్వు

మే నెల రెండో ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రేకుల షెడ్డు కింద ఉన్నవాళ్లు ముగ్గురు: నాన్న, నేను, ఇరవై రెండేళ్లుగా మా కారు బాగుచేస్తున్న మెకానిక్. ఆయన్ని చిన్నప్పటి నుంచీ చాచా అనే పిలుస్తాను. ఉన్న వస్తువులు: బానెట్ ఎత్తిన మా పాత తెల్ల కారు, ఐదు లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, రేడియేటర్ మూత మీద కప్పిన తడి గోనెసంచి, చాచా చాయ్ కాచుకునే గిన్నె, స్టవ్వు, నా నోట్‌బుక్, తాకకుండా వేడి కొలిచే నా థర్మామీటర్.

అంతకు మూడు రోజుల ముందు కారు అసెంబ్లీ దగ్గర సిగ్నల్లో ఆవిరి కక్కి ఆగిపోయింది. పది రోజుల్లో అది రెండోసారి. ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క కారును తుక్కు కింద ఇచ్చేద్దామంది, నాన్నను ఇక నడపొద్దంది. నేను కాదనలేదు. నాన్న కంచం ముందు నుంచి లేవకుండానే నా వైపు తిరిగాడు.

"నువ్వు ఇంజనీరువు గదా. బండిల ఏం ఖరాబైందో పట్టు. పట్టినంక అమ్మాల్నో వద్దో చూద్దాం. గని బండిల ఏం లేదని తేలితే, మళ్లొకసారి నన్ను నడపొద్దని అనొద్దు. సమజైందా?"

సరేనన్నాను. అది న్యాయమైన షరతులాగే అనిపించింది.

నాన్న నాంపల్లి కోర్టుల్లో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. మా ఇల్లు అబిడ్స్‌లో. ఇంటి నుంచి కోర్టు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా రోజూ పదింటికి కారు తీసి, కోఠి మీదుగా తిప్పి, లక్డీకాపూల్ దాకా పోయి, వెనక్కి వచ్చి కోర్టు ఎదుటి హోటల్లో పాత సహోద్యోగులతో కూర్చుని, ఒంటిగంటకు ఇల్లు చేరేవాడు. అమ్మ పోయాక ఇంట్లో పనులన్నీ అక్కా నేనూ పంచుకున్నాం. ఆయన ఒక్కడే, ఎవరి సాయం లేకుండా చేసే పని ఆ డ్రైవింగ్ మాత్రమే మిగిలింది. ఆ కారును ఆయన తప్ప మరొకరు నడిపింది చాలా తక్కువ. నాకు నేర్పింది కూడా ఆయనే, ఎగ్జిబిషన్ గ్రౌండ్ పక్క రోడ్డు మీద.

జరిగింది సరిగ్గా చెప్పాలంటే ఏప్రిల్ నుంచి మొదలుపెట్టాలి. ఏప్రిల్ చివరి వారం సెలవు పెట్టి, కారు సర్వీసింగ్ నేనే చేశాను. అప్పుడు రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, థర్మోస్టాట్ లేదు. అది చిన్న వాల్వు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు నీళ్లను రేడియేటర్‌లోకి పోనీయదు, ఎనభై రెండు డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. ఎవరో దాన్ని తీసేసి ఖాళీ గూడు బిగించారు. రెండు, వేడెక్కినప్పుడు మాత్రమే తిరగాల్సిన ఫ్యాన్ తాళం తిప్పగానే తిరిగేలా ఒక నల్ల వైరుతో నేరుగా కలిపి ఉంది. పాత కార్లకు మన ఊరి మెకానిక్‌లు ఈ రెండూ చేస్తారు. మన ఎండలకు వాల్వు ఎందుకంటారు. కాలేజీలో మేము దీని మీద జోకులు వేసుకునేవాళ్లం. కొత్త వాల్వు పెట్టాను. నల్ల వైరు కత్తిరించి కొత్త స్విచ్ బిగించాను. నోట్‌బుక్‌లో "పాత తప్పులు రెండు, సవరించినవి రెండు" అని రాసుకున్నాను. తర్వాత వారం రోజులు దాటీ దాటకముందే కారు మొదటిసారి ఆగింది.

షెడ్డులో చాచా ముందు ఆ వాల్వు గూడునే చూశాడు. కొత్త ప్యాకింగ్ మీద వేలు పెట్టి రుద్దాడు.

"ఇది ఎవడు పెట్టిండు?"

"నేనే చాచా."

"ఫ్యాను డైరెక్టు చేసి ఉంటుండె గదా?"

"స్విచ్ పెట్టిన. పుస్తకంల ఎట్లుందో అట్ల."

చాచా నాన్న వైపు చూశాడు. నాన్న సందు చివరికి చూస్తున్నాడు.

"మంచిగ నడిచే బండిల చెయ్యి పెట్టొద్దు ఇంజనీర్ సాబ్."

"మంచిగ నడిచే బండికి వాల్వు ఎందుకు తీసినవ్ చాచా? ఇంజన్ ఎన్నడూ సరైన వేడికి రాదు. పెట్రోల్ ఎక్కువ తాగుతది."

"తాగనీ. తాపిస్తున్నది సారు, నువ్వు గాదు గదా."

నాన్న నవ్వాడు. నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్లుగా రెంచి పట్టినా చాచా ఒక్క పేజీ చదవలేదని, కారు ఆవిరి కక్కింది అలాంటి పనుల వల్లేనని, కాస్త గట్టిగానే అన్నాను. చాచా చేతులు తుడుచుకున్నాడు.

తర్వాత రెండున్నర గంటలు నేను నా జాబితా ప్రకారం పోయాను. చాచా అడిగిన పానా అందించాడు, అడిగిన బోల్టు విప్పాడు. రేడియేటర్ మూత ఒత్తిడి నిలుపుతోంది. గొట్టాలు మెత్తబడలేదు, ఎక్కడా కారడం లేదు. బెల్టు బిగువు సరిపోయింది. నీళ్ల పంపు తిరుగుతోంది, చప్పుడు లేదు. నూనెలో నీళ్లు లేవు, నీళ్లలో నూనె లేదు. ఇంజన్ నడుస్తుండగా రేడియేటర్‌లో బుడగలు రాలేదు, అంటే హెడ్ గ్యాస్కెట్ బాగుంది. బ్రేకులు పట్టేసి ఉన్నాయేమోనని నాలుగు చక్రాలూ జాకీ మీద ఎత్తి చేత్తో తిప్పాను. తిరిగాయి. రేడియేటర్ రెక్కలు కొన్నిచోట్ల వంగిపోయాయి కానీ ఆ వయసుకు అది మామూలే. వాల్వు మీద కూడా అనుమానం ఉండకూడదని దాన్ని విప్పి చాయ్ గిన్నెలో నీళ్లు పోసి మరిగించాను. అల్లం వాసన మధ్య అది సరిగ్గా ఎనభై రెండు దగ్గర తెరుచుకుంది.

"అయిపాయె," అన్నాడు చాచా. "గిన్నెల మడ్డి కలిపినవ్. ఇయాల్టి చాయ్ నువ్వే తాగు."

అన్నీ బిగించాక నేనే కారు తీసుకుని లక్డీకాపూల్ పోయి, అబిడ్స్ మీదుగా తిరిగి వచ్చాను. ఎండ నడినెత్తిన ఉంది. డాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపే సూది సగం దగ్గర కదలకుండా నిలబడింది. దిగి థర్మామీటర్ పెట్టి చూస్తే ఎనభై తొమ్మిది డిగ్రీలు. మళ్లీ ఒక చుట్టు కొట్టాను. ఎనభై తొమ్మిదే.

"ఇగ తేలిందా?" అన్నాడు నాన్న. ఆయన ముఖంలో అంత వెలుగు చూసి చాలా రోజులైంది. "బండిల ఏం లేదు. మాటిచ్చినవ్."

"ఇచ్చిన నాన్నా. నువ్వు కూడా ఒక చుట్టు నడుపు. నేను పక్కన కూసొని రీడింగ్ రాసుకుంట. అంతే."

చాచా గబుక్కున లేచాడు. "ఇయాల ఎందుకు బాబు? ఎండ చూడు ఎట్లున్నదో. సారును ఇంటికి నువ్వే తీస్కపో."

"ఒక్క చుట్టే చాచా."

ఆయన నాన్న ముఖంలోకి చూశాడు. నాన్న డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు.

ఆదివారం కావడంతో రోడ్డు ఖాళీగా ఉంది. స్టేషన్ ముందు నుంచి అబిడ్స్ వైపు పోయేదాకా నేను సూదినే చూస్తూ నిమిషానికొక అంకె రాస్తున్నాను. పెద్ద పోస్టాఫీసు దాటేసరికి సూది సగం దాటింది. అప్పుడు చప్పుడు విన్నాను. కారు నలభై వేగంతో పోతోంది, ఇంజన్ మాత్రం ఎనభై మీద పోతున్నట్టు అరుస్తోంది. గేరు వైపు చూశాను. రెండో గేరు.

సిగ్నల్ పడింది. నాన్న కుడి చేయి స్టీరింగ్ వదిలింది. ఒంటికి అడ్డంగా వచ్చి గేరు కడ్డీని న్యూట్రల్‌లోకి నెట్టింది. పచ్చలైటు పడ్డాక అదే చేయి మళ్లీ అడ్డంగా వచ్చి కడ్డీని రెండో గేరులోకి లాగింది. తర్వాత ఎడమ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, ఒక వస్తువును పెట్టినట్టు, గేరు కడ్డీ మీద పెట్టింది.

రాయడం ఆపేశాను.

మొదటి గేరు ఊసే లేదు. క్లచ్ సగం తొక్కి ఇంజన్‌ను గట్టిగా అరిపించి రెండో గేరులోనే కదిలించాడు. మూడో గేరుకు కడ్డీని పక్కకు జరిపి ముందుకు నెట్టాలి; పాత కారులో అది బిగుసుగా ఉంటుంది. బండి కదులుతుండగా స్టీరింగ్ వదిలేసి కుడి చేత్తో ఆ పని చేయలేడు.

"నాన్నా, మూడో గేరు వెయ్యి."

"ట్రాఫిక్ ఉన్నది గదరా."

మా ముందు ఒక ఆటో మాత్రమే ఉంది, అదీ దూరంగా.

"జర పక్కకు ఆపు నాన్నా."

ఎగ్జిబిషన్ గ్రౌండ్ గోడ పక్కన ఆపాడు. బానెట్ అంచుల నుంచి ఆవిరి మొదలైంది. ఇద్దరం దానివైపు చూస్తూ కూర్చున్నాం.

"ఎప్పటి సంది?"

"చలికాలంల. ఒకనాడు పొద్దున లేస్తే చెయ్యి తిమ్మిరి పట్టి ఉండె. దానిమీద పండుకున్నట్టున్న, పోతది తియ్ అనుకున్న."

"మాకెందుకు చెప్పలె?"

"చెప్తే నువ్వు లిస్టు రాస్తవ్," అన్నాడు.

నవ్వించాలనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. సంక్రాంతి తర్వాత నుంచి ఆయన గుండీల చొక్కాలు మానేసి టీ-షర్టులు వేసుకుంటున్నాడు. చాయ్ గ్లాసులో ఇమ్మని అడుగుతున్నాడు, సాసర్ వద్దంటున్నాడు. బయటికి పోతే ఎడమ చేయి ఎప్పుడూ జేబులోనే. పేపర్‌ను బల్ల మీద పరిచి చదువుతున్నాడు. ఇవన్నీ అదే ఇంట్లో, అదే గదిలో నా కళ్ల ముందే జరిగాయి.

వెంట తెచ్చిన క్యాన్‌లోని నీళ్లు పోసి చల్లార్చి నేను మళ్లీ ఎక్కి కూర్చున్నాక, ఆయన తలుపు తీసుకుని దిగి, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను లోపలి నుంచే డ్రైవర్ సీట్లోకి జరిగాను. షెడ్డు దాకా నేనే నడిపాను. సూది సగం దగ్గరికి దిగి అక్కడే నిలిచింది.

నాన్న కారులోనే కూర్చున్నాడు. నేను చాచాను పక్కకు పిలిచాను.

"నీకు ఎరుకేనా?"

"ఔ." ఆయన గోనెసంచి పిండుతున్నాడు. "జనవరిల ఒకసారి వేడెక్కిందని తెచ్చిండు. నేను పక్కన కూసొని పోయిన, గేరు మార్చుడు చూసిన. అయినంక సారు నా చెయ్యి పట్టుకున్నడు. 'మావోడికి చెప్పకు' అన్నడు. నేనేం జెయ్యాలె చెప్పు? వాల్వు తీసిన, ఫ్యాను డైరెక్టు కొట్టిన. రెండో గేర్ల ఎంత నడిపినా ఆగకుండ చేసిన. నువ్వొచ్చి పెట్టినవ్."

లెక్క సరిపోయింది. రెండో గేరులో నడిస్తే ఇంజన్, నాలుగో గేరులో తిరగాల్సినదానికి రెట్టింపు తిరుగుతుంది. కొత్త రేడియేటర్ అయితే ఆ వేడి మోస్తుంది. మా రేడియేటర్ మోయలేదు. మోయలేని ఆ కాస్త వేడినీ చాచా చేసిన రెండు పనులే తీసుకుపోయేవి. పుస్తకంలో తప్పని రాసిన ఆ రెండింటి మీదే మా నాన్న నాలుగు నెలలు బండి నడిపాడు.

"నాకు చెప్పాల్సింది చాచా," అన్నాను. "చేతికి వచ్చింది చూపించుకునేది గదా."

"ఔ," అన్నాడాయన. "ఆ సంగతి నాకు తోచలె బాబు. బండి ఆగొద్దనే చూసిన."

పొద్దున నేనన్న మాటలకు క్షమాపణ చెబుదామనుకున్నాను. ఆయన మీద కోపం కూడా ఉంది. రెండూ ఒకేసారి చెప్పడం చేతకాక, సామాన్లు సర్దుకున్నాను. చాచా కారు కిటికీ దగ్గరికి పోయి, "ఫికర్ జెయ్యకున్రి సార్, బండి నేను చూసుకుంట," అన్నాడు. నాన్న, "బండికేమైంది," అన్నాడు.

బుధవారం నాంపల్లిలోనే ఒక నరాల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. కారులోనే వెళ్లాం, నాన్న పక్క సీట్లో కూర్చుని దారంతా బయటికి చూశాడు. స్కాన్ చూసిన డాక్టర్, చలికాలంలో చిన్న పక్షవాతం వచ్చి పోయిందని చెప్పాడు. వచ్చిన గంటల్లో తెచ్చి ఉంటే మందు ఉండేదట. ఇప్పుడు వ్యాయామం చేయించాలి, ఎంత తిరిగి వస్తుందో చెప్పలేమన్నాడు. నాన్న ఒక్క ప్రశ్నే అడిగాడు.

"బండి నడపొచ్చా?"

"వద్దండీ," అన్నాడు డాక్టర్.

నాన్న నా వైపు చూడలేదు. బండిలో తప్పు లేదని తేలితే ఆపనని నేను ఇచ్చిన మాట ఆయన ఎత్తలేదు, తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

పక్క గదిలో ఫిజియోథెరపీ ఆమె, పిడికిలి బలం కొలిచే పరికరం ఇచ్చింది. ఇనుప పిడి, దానికొక ముల్లు. ఒక్కో చేత్తో మూడుసార్లు నొక్కమంది. కుడి చేత్తో మామూలుగా నొక్కాడు. ఎడమ చేతికి వచ్చేసరికి పెదవులు బిగించి, కళ్లు మూసుకుని, భుజం వణికేదాకా నొక్కాడు. మూడోసారి అయ్యాక కళ్లు తెరిచి, "ఎంతొచ్చిందిరా?" అని అడిగాడు. నేను ముల్లు చూసి చెప్పాను. ఆమె కాగితం మీద రాసుకుంది.

కుడి చేయి ఇరవై ఎనిమిది కిలోలు. ఎడమ చేయి ఆరు.