పుల్లవిరుపు పెద్దమ్మ

మా పెద్దమ్మ మాట్లాడదు. మాటను విరిచి మన చేతిలో పెడుతుంది. బంధువులంతా ఆమెను పుల్లవిరుపు మనిషి అంటారు.

చిన్నప్పుడు ఆ మాటకు అర్థమేమిటని నాన్నను అడిగాను.

"ఎండుపుల్ల విరిచావనుకో, టప్పుమంటుంది, అంతే. ముందు నసగదు, తర్వాత సాగదు. మాట కూడా అలా ఉంటే పుల్లవిరుపు."

"మరి పచ్చిపుల్లో?"

"అది విరగదురా. వంగి వంగి సాగుతూనే ఉంటుంది. అదీ మీ అమ్మ."

ఆ ముక్క వంటింట్లోకి వినపడి, అమ్మ సణుగుడు ఆ పూటంతా సాగింది.

నమ్మకం కుదరక పెద్దమ్మనే అడిగాను. ఆమె చీపురులోంచి ఒక పుల్ల లాగి, నా చెవి దగ్గర పెట్టి విరిచింది.

"విన్నావా?"

"విన్నాను."

"పో."

పెద్దమ్మది బస్టాండులో ఉద్యోగం. వేళలు చెప్పే కిటికీ వెనక కూర్చునేది. చెయ్యి పట్టేంత కంతలోంచి ఆమె కళ్లజోడు మాత్రం కనిపించేది.

"ఆరింటి బస్సు ఎప్పుడొస్తుందండీ?"

"ఆరింటికి."

"ఆసుపత్రి దగ్గర ఆగుతుందా?"

"ఆగుతుంది."

"ఒకవేళ ఆగకపోతే?"

"దూకకండి."

వరుస ఎంత పొడుగున్నా కళ్లముందే కరిగిపోయేది. ఆమె సెలవు పెట్టిన రోజున ఆ కుర్చీలో మర్యాదస్తుడొకాయన కూర్చునేవాడు. ఆయన మర్యాద పూర్తయ్యేలోపు సగంమందికి బస్సులు వెళ్లిపోయేవి.

అక్క పెళ్లి ఆగిపోయేదాకా నాకు ఆమె అంటే భయమే. ఆ తర్వాత మాత్రం చేతులెత్తి మొక్కుతున్నాను.

బట్టలు కూడా కొన్నాక అవతలివాళ్లు వద్దన్నారు. అక్క గది తలుపేసుకుంది. ఓదార్చే వంకతో జనం బయల్దేరారు. మా మేనత్త అయితే అక్క చేత కథంతా చెప్పించుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి అడిగింది. అక్క అన్నం మానేసింది.

మర్నాడు పెద్దమ్మ వచ్చి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ముందుగా మేనత్తే వచ్చింది.

"అసలు తప్పెవరిది వదినా?"

"నీది కాదుగా."

"పిల్లనొకసారి చూసిపోదామని..."

"నిన్న చూశావు."

"పాపం, ఇప్పుడేం చేస్తుందో."

"బతుకుతుంది."

మేనత్త చెప్పులు విప్పకుండానే వెనుదిరిగింది. తర్వాత పొరుగింటాయన గొంతు సవరించుకుంటూ వచ్చాడు.

"వాళ్లు ఏ కారణం చెప్పారండీ?"

"చెప్పలేదు."

"మీరు గట్టిగా అడగాల్సింది."

"మీరడగండి."

ఆయన అక్కడికక్కడే ఏదో పని గుర్తుకొచ్చి వెళ్లిపోయాడు. గదిలోంచి ఫక్కున నవ్వు వినిపించింది. అమ్మ చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. సాయంత్రం దాకా ఎంతమంది వచ్చినా ఒక్కరూ గడప దాటలేదు. కోటకు కూడా అంత కాపలా ఉండదు. ఇంట్లో మేమంతా నోళ్లు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాం.

దీపాలు పెట్టే వేళకు అక్క తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"అందరికీ కోపాలొచ్చుంటాయి పెద్దమ్మా."

"రానీ."

"నువ్వు కూడా నన్నేమీ అడగలేదు."

పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది.

"అడుగుతా," అంది. "ఆకలేస్తోందా?"