దైవాధీనం ఏరిన పెంకులు

కొక్కిలిగడ్డ దైవాధీనం పెద్దగా మాట్లాడడు. పుట్టుకతో వచ్చిన గుణం కాదది, చేసే పనివల్ల వచ్చింది. పందొమ్మిదో ఏట పొక్లెయిన్ ఎక్కి లీవర్లు పట్టుకున్నాడు. దివిసీమలో వరిచేలు ఒక్కొక్కటిగా చేపల చెరువులవుతున్న కాలం అది. కోడూరు నుంచి చల్లపల్లి దాకా అతని బకెట్ దిగని ఊరు లేదు. పొద్దస్తమానం అద్దాల గదిలో ఒక్కడే కూర్చోవాలి. ఇంజను హోరులో ఎవరేమన్నా వినపడదు. బయటివాళ్లు చేతులూపుతారు, లోపల అతను తలూపుతాడు.

భార్య నాగలక్ష్మి ఉన్నన్నాళ్లూ ఈ మౌనం ఇంటి గడప దాటి లోపలికి వచ్చేది కాదు. ఆవిడ ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. కామెర్లతో ఆవిడ పోయాక, పిల్లలు లేని ఆ ఇంట్లో టీవీ ఒక్కటే నోరు విప్పేది. ఏడాది తిరక్కుండా అదీ చెడిపోయింది. అతను బాగుచేయించలేదు.

2013 ఎండాకాలంలో ఘంటసాలకు దక్షిణంగా, ఓడదిబ్బ అని పిలిచే పొలంలో మోహన్ గారనే ఆసామి చెరువు తవ్విస్తున్నాడు. అయిదడుగులు దిగాక బకెట్ పళ్ల కింద ఏదో కరకరలాడింది. ఆ నేలలో రాళ్లుండవు. దైవాధీనం ఇంజను ఆపి దిగాడు.

నల్లమట్టిలో మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి పేర్చిన బావి, నిలువునా సగానికి తెగి కనబడింది. చుట్టూ కుండపెంకులు. వాటిలో ఒకటి మిగతావాటితో కలవడం లేదు. పండుమిరపకాయ రంగు, అద్దంలాంటి నునుపు. తువ్వాలుతో తుడిస్తే మెరిసింది. చిన్న గిన్నె అడుగుభాగం. దాని నడుమ గోరంత పాదం ముద్ర, ఆ పాదం లోపల అక్షరాలు. ఎనిమిదో తరగతి దాకా చదివినవాడు గనక కూడబలుక్కున్నాడు. హెచ్, ఐ, ఎల్, ఎ, ఆర్, ఐ.

"ఆపేశావేంటయ్యా?" గట్టుమీంచి మోహన్ గారు కేకేశాడు.

"కింద పాతకాలం బావి ఉందండీ. ఈ పెంకు మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయండీ. ఘంటసాల మ్యూజియంలో ఓసారి చూపించి వస్తానండీ."

"చూపిస్తే ఏమవుద్దో తెలుసా? వచ్చి పొలం చుట్టూ కంచె కడతారు. ఈ వారంలో నీళ్లు పెట్టాలి నేను. కానీయ్."

"రెండు రోజులాగండి."

"నిన్ను పిలిచింది మట్టి తియ్యడానికా, పెంకులేరుకోడానికా?"

దైవాధీనం మిషను తాళం గట్టుమీద పెట్టి, ఆ ముక్కనూ దాని పక్కనున్న పెంకుల్నీ ఎరువుల సంచిలో వేసుకుని మోటార్‌సైకిలెక్కాడు. అంతవరకు ఎవరి మాటా కాదనని మనిషి అంత పని ఎలా చేశాడో అతనికే తెలీదు.

అప్పట్లో మ్యూజియంలో రామ్‌ప్రసాద్ గారని ఒక పెద్దాయన పనిచేసేవారు. ఆయన ముక్కను నీళ్లలో కడిగి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశారు.

"ఎక్కడ దొరికిందండీ మీకిది?"

సంచీ మోసుకొచ్చిన తనను ఒక ఆఫీసరు 'అండీ' అనడం దైవాధీనానికి కొత్త. జరిగింది చెప్పాడు.

"ఇది ఇంగ్లీషు కాదు, లాటిన్. రోమువాళ్ల భాష. హిలారి అంటే హిలారుస్ అనేవాడు చేసింది అని. ఇటలీలో అరెజ్జో అనే ఊళ్లో ఇలాంటి ఎర్రగిన్నెలు చేసేవాళ్లు. రెండువేల ఏళ్ల కిందటి మాట. అక్కడి నుంచి ఓడల్లో మన తీరానికి వచ్చేవి. ఈ పేరుగల మనిషి బహుశా బానిస అయి ఉంటాడు."

"బానిసని పేరు వేసుకోనిస్తారాండీ?"

"ఏ గిన్నె ఎవరి చేతిపనో తెలియాలిగా, అందుకు. ఇంకోటి చెప్పనా? ఆ పేరుకి అర్థం నవ్వుముఖంవాడు అని."

ఇంటికి వెళ్లేదారి పొడుగునా దైవాధీనం మనసులో అదే మెదిలింది. కొనుక్కొచ్చిన మనిషికి నవ్వుముఖంవాడని పేరు. కన్నతల్లి పెట్టి ఉండదు, కొన్నవాడు పెట్టి ఉంటాడు. నిజంగా నవ్వేవాడో లేదో ఎవరడిగారు గనక!

మూడోరోజు రామ్‌ప్రసాద్ గారు తవ్వకం ఆపించే కాగితాలు పట్టుకుని అతనితో ఓడదిబ్బకు వచ్చారు. అప్పటికే మోహన్ గారు వేరే మిషను తెప్పించి పని ముగించేశాడు. బావి లేదు, ఒరలు లేవు. ఇంజన్లు నీళ్లు తోడి పోస్తున్నాయి. మిగిలిందల్లా దైవాధీనం సంచిలో ఉన్న పెంకులే.

ఆయన గట్టుమీద నిలబడి, "పెంకు కన్నా అది దొరికిన చోటు ముఖ్యమండీ. మీరెలాగూ ఊళ్లన్నీ తిరుగుతారు. ఎక్కడ కనబడ్డా చోటు రాసిపెట్టండి" అన్నారు.

ఆ మాటని దైవాధీనం మొక్కులా పట్టుకున్నాడు. కానీ ఊళ్లు తిరిగే పనే పోయింది. కబురు పాకింది. టీకొట్ల దగ్గర అతనికి 'పెంకుల దైవాధీనం' అని పేరు పెట్టారు. "ఆయన్ని పిలిస్తే చెరువు తవ్వినట్టే, మ్యూజియం కట్టుకోవాల్సిందే" అని నవ్వేవారు. చెరువుల ఆసాములు పిలవడం మానేశారు. తోటి ఆపరేటర్లు తప్పుకు తిరిగారు. పంటకాలువల్లో గుర్రపుడెక్క తీసే పని మాత్రం దొరికేది. దాంతోనే బతుకు నెట్టుకొచ్చాడు.

ఆదివారాలు కొత్తగా తవ్విన చెరువుల గట్లమీద నడిచేవాడు. చెరువులోంచి తీసిన మట్టే గట్టవుతుంది గనక, వాన పడ్డాక పెంకులు పైకి తేలేవి. ఏది నిన్నమొన్నటి కుండో, ఏది సముద్రం దాటి వచ్చిందో రామ్‌ప్రసాద్ గారు దగ్గర కూర్చోబెట్టి నేర్పారు. ద్రాక్షసారా పోసి పంపిన పెద్దజాడీల పెంకుల్లో మిరియపు పొడి చల్లినట్టు నల్లటి రేణువులుంటాయి. అది ఇటలీ అగ్నిపర్వతాల ఇసుక. దైవాధీనం ఒక్కో పెంకు వెనకా తెల్ల రంగుతో నంబరు వేసి, స్కూలు నోటుబుక్కులో పొలం పేరు, తూమునుంచి ఎన్ని అంగలో రాసి, నెలకోసారి మ్యూజియంలో అప్పగించేవాడు. ఒక్కటీ ఇంట్లో ఉంచుకోలేదు.

నాలుగేళ్లకు రామ్‌ప్రసాద్ గారు రిటైరై గుడివాడ వెళ్లిపోయారు. తర్వాత వచ్చినవాళ్లు మర్యాదగానే సంచీ పుచ్చుకుని సంతకం పెట్టేవారు. కానీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసేవాళ్లు లేరు.

ఒక కార్తీకమాసపు ఆదివారం, నడకుదురు దగ్గర గట్టుమీద జాడీ పిడి ఒకటి దొరికింది. పిడి అతికించేటప్పుడు కుమ్మరి నొక్కిన బొటనవేలి గుంట అలాగే ఉంది. దైవాధీనం తన వేలు పెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది. ఎవరికైనా చూపించాలని చుట్టూ చూశాడు. చెరువులో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. అవతలి గట్టుమీద కొంగలున్నాయి. నాగలక్ష్మి ఉంటే 'దీనికోసమా ఎండలో తిరుగుతున్నావు' అని తిట్టి, ఆ వెంటనే తన వేలూ పెట్టి చూసేది. అతను పిడిని ఒళ్లో పెట్టుకుని పొద్దువాలేదాకా అక్కడే కూర్చున్నాడు. నోటుబుక్కులో ఆరోజు చోటు రాశాడు గానీ, వేలి సంగతి రాయలేదు. రాయడానికి గడి లేదు.

ఓడదిబ్బ పెంకు దొరికి పదకొండేళ్లు గడిచాయి. పెంకుల నంబరు నాలుగొందలు దాటింది. 2024లో ఒకరోజు ఫోన్ మోగింది.

"దైవాధీనం గారేనా అండీ? నా పేరు ఐశ్వర్య. విశాఖపట్నంలో రీసెర్చ్ చేస్తున్నాను. మ్యూజియంలో మీ పెంకులు చూశాను. మీ నోటుబుక్కులు చూపిస్తారా?"

"చూపిస్తానండీ" అన్నాడు. ఆ రోజంతా ఇంకెవరితోనూ మాట్లాడలేదేమో, గొంతు జీరగా వచ్చింది.

తొమ్మిది రోజులు ఆ అమ్మాయిని గట్లన్నీ తిప్పాడు. ప్రతి చోటా ఆమె ఫోనులో గుర్తు పెట్టుకుంటూ ఏదో ఒకటి అడిగేది. అతను చెప్పేవాడు. పొలాల పేర్లు, ఎంత లోతులో బురద రంగు మారుతుంది, ఎక్కడ ఆలిచిప్పలు పడతాయి. తనలో ఇన్ని మాటలున్నాయని అతనికే తెలీదు. తొమ్మిదోరోజు ఆమె మ్యూజియం అరుగుమీద లాప్‌టాప్ తెరిచింది. మ్యాపు మీద నాలుగొందల చుక్కలు.

"ఇదేంటమ్మా, కొడవలిలా వంపు తిరిగింది?"

"ఏరండీ. కృష్ణ పాయ ఒకటి ఇలా పారి పూడిపోయినట్టుంది. మీ పెంకులన్నీ దాని ఒడ్డునే పడ్డాయి. మీరు ఒక్కరే నడిచి నది గీశారు."

దైవాధీనం తెరమీద చుక్కల వరస తెగిన చోట వేలు పెట్టాడు. "ఈ ఖాళీ వెంకటరత్నమ్మ గారి చేనండీ. అది చెరువు కాలేదు" అన్నాడు.

వెంకటరత్నమ్మ డెబ్బై ఏళ్ల రైతు. చుట్టూ చెరువులొచ్చినా తన రెండెకరాలు మాత్రం ఇవ్వలేదు. మినుము తీశాక, మరుసటి వేసవిలో అనుమతులతో అక్కడ ఓ గుంట తవ్వారు. పైమట్టి ఒలవడానికి ఐశ్వర్య దైవాధీనాన్నే పిలిచింది. బకెట్ అంచుతో అరచెయ్యి మందాన మట్టి పొరలు తీశాడు. రెండు మీటర్ల దగ్గర బురద వాసన మారింది. అతనే ఇంజను ఆపేశాడు. ఆపైన కూలీలు తాపీలతో తవ్వారు. ఆరో రోజున కొయ్యగుంజల మొదళ్లు బయటపడ్డాయి, వరసగా ఏడు. వాటి మధ్య ఒక జాడీ మెడ. పడవలు కట్టేసే రేవు అది.

"దిగండి దైవాధీనం గారూ, మీరే ముందు" అంది ఐశ్వర్య.

అతను చెప్పులు విడిచి దిగాడు. గుంజ మీద చెయ్యి వేస్తే తడిగా, చల్లగా తగిలింది. ఏడింటినీ ఒక్కొక్కటిగా తాకి చూశాడు.

కొలతలూ ఫోటోలూ అయ్యాక ఆమె మెల్లగా చెప్పింది: "మళ్లీ కప్పెయ్యాలండీ. గాలి తగిలితే కొయ్య పొడైపోతుంది. తడిమట్టిలో ఉంటేనే బతుకుతుంది." ఆ పనీ అతనే చేశాడు. ముందు గుంజల మీద గోనెపట్టాలు పరిచి, ఇసుక పోసి, తర్వాత బకెట్‌తో మట్టి దించాడు. ఎప్పుడూ గంటలో పూడ్చే గుంట, ఆరోజు పొద్దుగూకేదాకా పట్టింది. సాయంత్రానికి జీపులు వెళ్లిపోయాయి. ఐశ్వర్య వెళ్తూ రెండు చేతులూ జోడించింది. వ్యాసంలో మీ పేరు ఉంటుందని చెప్పింది. అతను తలూపాడు.

చేను చదునుగా, ఏమీ జరగనట్టు ఉంది. వెంకటరత్నమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"ఇంతకీ నా చేలో ఏముందట్రా అబ్బాయ్? వాళ్లు చెప్పింది నాకు ఒక్క ముక్కా ఎక్కలేదు."

"రేవు పిన్నిగారూ. పడవలు ఆగేవి."

"ఎవరి పడవలు?"

దైవాధీనం మజ్జిగ తాగి చెంబు కింద పెట్టాడు. గట్టుమీద ఆవిడకు చోటు చూపించి తనూ కూర్చున్నాడు. ఎక్కడో అరెజ్జో అనే ఊళ్లో ఎర్రగిన్నెలు చేసే మనిషి ఒకడు ఉండేవాడని మొదలుపెట్టాడు.