క్లచ్ మీద కాలు

ఆమెకు కమురక్క అని పేరు పడి ఏడేళ్ళయింది. మొహం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు. వెనక మాత్రం టైర్ల కొట్టువాడి దగ్గర్నుంచి ఆమె దగ్గర బండి నేర్చుకుని వెళ్ళిన వాళ్ళ దాకా అందరి నోటా అదే మాట. పేరు పెట్టిన మహానుభావుడు పరాయివాడైతే పోనీలే అనుకునేది. సొంత అక్క మొగుడు!

ఆమె తండ్రికి ఊరి చివర మెకానిక్ షెడ్డు ఉండేది. ఎవరో గోడకు గుద్ది వదిలేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారును ఆయన షెడ్డులోకి లాక్కొచ్చి, చిన్నకూతుర్ని పక్కన పెట్టుకుని బాగుచేశాడు. ఆయన లైటు పట్టుకుంటే ఆమె బండి కిందికి దూరేది. క్లచ్ ప్లేటు బిగించింది ఆమె చేతులే. పెద్దకూతురు గ్రీజు వాసనకే ముక్కు మూసుకునే రకం. బండికి ఎర్రరంగు వేసిన రోజున తండ్రి, "ఇది నడిపేది చిన్నదే" అని అందరి ముందూ చెప్పాడు. ఆ మాటకి అల్లుడి కడుపు ఎంత మండిందో అప్పుడు ఎవరూ చూసుకోలేదు.

ఊరి బయట విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే ఒకటుంది. ఏటా అక్కడ పందేలు జరుగుతాయి. రెండేసి బండ్లు సున్నపు గీత మీద పక్కపక్కన నిలబడతాయి, ఇద్దరు డ్రైవర్లూ చెయ్యెత్తితే జెండా పడుతుంది. ఆగిన చోటు నుంచి ఎవరు ముందు దూకుతారో వాళ్ళదే సగం పందెం. ఏ బండైనా చెడి ఆగిపోతే తాడు కట్టి లాక్కుపోవాలి. బయటికి దారి ఒక్కటే, అది జనం ముందు నుంచే పోతుంది. డ్రైవరు అందులోనే కూర్చుని స్టీరింగు పట్టుకోవాలి కాబట్టి తల దాచుకునే వీలు కూడా ఉండదు.

ఎర్రబండి మొదటి పందెం రోజున బావ పొద్దున్నే వచ్చి, "ఇంజిన్ వేడి చేసి తెస్తా మరదలా" అని తాళాలు పట్టుకుపోయాడు. వేడి చేశాడు, నిజమే. షెడ్డు వెనక స్నేహితుల ముందు గొప్పకి బండిని ఆపడం, దూకించడం, మళ్ళీ ఆపడం, మళ్ళీ దూకించడం. మధ్యలో చల్లారనిచ్చిన పాపాన పోలేదు. షెడ్డుకి ఆనుకునే ఉన్న ఇంట్లో, అక్క వంటింటి కిటికీలోంచి అంతా చూసింది, నోరు మెదపలేదు. ఇవేవీ తెలియని మరదలు సున్నపు గీత దగ్గర బండెక్కేసరికి సీటు వెనక్కి జరిపి ఉంది. అంత పొడుగు కాళ్ళు ఆ ఇంట్లో బావకే ఉన్నాయి. ఇదేమిటి అనుకునేలోపు జెండా పడింది. ఇంజిన్ గుండెలవిసేలా అరిచింది, బండి మాత్రం కదల్లేదు. కింద నుంచి పొగ లేచింది, దాంతోపాటే ఆ కమురు వాసన.

"సాయం" చెయ్యడానికి బావే తన జీపుతో పరుగున వచ్చాడు. తాడు కట్టి, చెయ్యి బయటికి ఊపుకుంటూ, నడిచే మనిషికన్నా నెమ్మదిగా జనం ముందు నుంచి లాక్కెళ్ళాడు. "మా మరదలు బండి నడపలేదండీ, పోపు పెట్టింది!" అని ఆయన అరిస్తే అంతా విరగబడి నవ్వారు. కమురక్క అప్పుడే పుట్టింది.

సీటు సంగతి తండ్రికి చెప్పింది. వాసన చూసి ఏ బండికేం రోగమో చెప్పగలనని ముక్కు గురించి గొప్పలు పోయే మనిషి, ఆ రోజు పొద్దున షెడ్డు వెనక్కి ఒక్కసారి వెళ్ళి చూస్తే తెలిసిపోయేది. వెళ్ళలేదు. "ఆడలేక మద్దెల ఓడన్నదట నీలాంటిదే. బండి కాల్చింది నువ్వు, సీటు మీద పెడతావేంటి?" అన్నాడు. తాళాలు అల్లుడి చేతిలో పెట్టాడు. ఆమె ఆ సాయంత్రమే షెడ్డు వదిలేసి, డ్రైవింగ్ స్కూల్లో పనికి కుదిరింది. మొదటి జీతంతో ఒక లావుపాటి నైలాను తాడు కొని, స్కూలు బండి డిక్కీలో పడేసుకుంది.

స్కూలు బండికి క్లచ్‌లు రెండు. ఒకటి నేర్చుకునేవాళ్ళకి, ఇంకోటి పక్క సీట్లో కూర్చునే ఆమెకి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయి కాళ్ళ భయమంతా ఆమె అరికాలికి తెలిసేది. "క్లచ్ అంటే గుమ్మం అనుకోండి. అయితే దాటండి, లేదా ఇవతల ఉండండి. గుమ్మం మీద నిలబడకండి" అని ఎన్ని వందలమందికి చెప్పిందో. కాస్త చెయ్యి తిరిగినవాళ్ళు బండిని దూకించడం ఎలాగని అడిగితే అదీ చెప్పేది. "ఇంజిన్‌ని అరిపించకు, కాస్త గొంతు విప్పితే చాలు. పట్టు దొరికే చోటికి కాలు చప్పున తెచ్చుకో, ఒక్క క్షణం ఆగు, బండి కదిలాక కాలు పూర్తిగా తీసెయ్. బయల్దేరే క్షణం దాకా న్యూట్రల్‌లో ఉండు. ఒకసారి దూకించాక మెల్లగా నాలుగు చక్కర్లు తిప్పి చల్లార్చు. తొందరపడ్డావో, ప్లేటు నీ తొందరనంతా గుర్తు పెట్టుకుంటుంది."

ఏటా పందేలకి వెళ్ళి కంచె అవతల నిలబడేది. చూసేది బండిని కాదు, బావ కాలిని. గెలుపుల మీద గెలుపులొచ్చి ఆయనకో జబ్బు పట్టింది. గీత దగ్గరికి రాగానే చెయ్యెత్తేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, క్లచ్‌ని సగం పట్టులో పెట్టి ఇంజిన్‌ని అరిపిస్తాడు. బండి వెనక్కి కూలబడి గుంజుకుంటుంటే జనం ఈలలు వేస్తారు. ఎదుటివాడు వెంటనే చెయ్యెత్తుతాడు కాబట్టి ఇన్నాళ్ళూ బతికిపోయాడు. ఎదుటివాడు ఎత్తకపోతే? పాముకి పగ నేర్పక్కర్లేదంటారు, ఆమెకీ అక్కర్లేకపోయింది.

ఏడో ఏడు ఆఖరి పందెం కూడా బావే గెలిచాక, గెలిచినవాడితో ఎవరైనా తలపడొచ్చని మైకులో పిలిచారు. అది ఊరికే అనే మాట, ఎవరూ రారు. ఎర్రబండి పొద్దుటి నుంచి దూకి దూకి వేడెక్కి ఉంది. స్కూలు బండి నెత్తిన బోర్డుతో సహా గీత మీదికొచ్చి ఆగేసరికి జనం పొట్టలు పట్టుకున్నారు. గీత పక్కనే కుర్చీలో కూర్చున్న తండ్రి లేచి నిలబడ్డాడు.

"పోయిన పరువు చాలదా నీకు? ఇంటికి పో" అన్నాడు.

"పోతాను నాన్నా. ఓడితే ఈ గీత ఛాయలకి కూడా మళ్ళీ రాను. గెలిస్తే మాత్రం ఆ రోజు బండి కాల్చిందెవరో మీ నోటితో మీరే చెప్పాలి."

బావ పగలబడి నవ్వాడు. "రావే మరదలా, ఈసారి ఏం వండుతావో చూద్దాం!" చెయ్యెత్తాడు, హ్యాండ్‌బ్రేకు లాగాడు. ఎర్రబండి అరవడం మొదలెట్టింది.

ఆమె న్యూట్రల్‌లో ఉంది. సీటు ముందుకి జరుపుకుంది. అద్దం తిప్పుకుంది, తుడుచుకుంది, మళ్ళీ తిప్పుకుంది. బెల్టు పెట్టుకుని, తీసి, మెలి సరిచేసి మళ్ళీ పెట్టుకుంది. కొత్తగా నేర్చుకోవడానికొచ్చేవాళ్ళు కూడా ఇంత భక్తిగా చెయ్యరు.

"ఇంకెంతసేపు?" బావ అరిచాడు.

"వచ్చేస్తున్నా బావా, అద్దం కుదర్లేదు."

బావ క్లచ్ పూర్తిగా తొక్కేస్తే అయిపోయేది. కానీ బండి గుంజుకోవడం ఆగితే భయపడ్డాడంటారని ఆయన భయం. జనం ఈలలు వేస్తుంటే ఇంకా అరిపించాడు. అప్పుడు వచ్చింది వాసన, ముందు సన్నగా, తర్వాత గొంతు పట్టేసేలా.

ఆమె చెయ్యి సగం లేచింది. ఆ ప్లేటు చుట్టూ ఉన్నదంతా తన వేళ్ళు తిరిగిన చోటు. ఆ బండిని ఆమె ప్రేమించినంతగా ఇంట్లో మనుషుల్ని కూడా ప్రేమించలేదు. ఇప్పుడు చెయ్యెత్తితే బండి బతుకుతుంది. కళ్ళ ముందు తాడు కదిలింది, జీపులోంచి ఊగుతున్న చెయ్యి కదిలింది. చెయ్యి దించి అద్దం ఇంకోసారి తుడిచింది. కాలనియ్యి, అనుకుంది. బాగా కాలనియ్యి.

కమురు తన బండినిండా కమ్ముకున్నాక చెయ్యెత్తింది.

జెండా పడింది. ఎర్రబండి గుండెలవిసేలా అరిచింది, ఉన్నచోటే ఉంది. స్కూలు బండి, కొత్త కోడలు గడప దాటినట్టు, తొణక్కుండా వెళ్ళిపోయింది. అంత నెమ్మది గెలుపు ఆ దారి ఎన్నడూ చూసి ఉండదు.

తిరిగొచ్చేసరికి బావ మొహం మాడిపోయి ఉంది. "బండిలోనే ఏదో లోపం ఉంది మామయ్యా, ప్లేటు మంచిది కాదు" అంటున్నాడు. తండ్రి వినడం లేదు. ముక్కుపుటాలు అదురుతుండగా ఆ పొగలో నిలబడిపోయాడు.

"ఆ రోజు కూడా వీడేనా?"

"వాసన పట్టే ముక్కు మీదేగా నాన్నా. నన్నడుగుతారేంటి?"

ఆయన మైకు దగ్గరికి నడిచాడు. "ఆ రోజు బండి కాల్చింది మా చిన్నది కాదు. మా అల్లుడు" అన్నాడు. తనకి జాలి వేస్తుందేమోనని ఆమె చూసుకుంది. వెయ్యలేదు.

డిక్కీ తీసి, ఏడేళ్ళుగా చుట్ట విప్పని తాడు తీసింది. ముడి తనే వేసింది. "స్టీరింగు పట్టుకో బావా, తల పైకెత్తుకో" అంది. తండ్రి వచ్చి ఆమె పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె వద్దనలేదు, రమ్మననూ లేదు.

మొదటి గేరులో, నడిచే మనిషికన్నా నెమ్మదిగా, జనం ముందు నుంచి బయల్దేరింది. తాడు బిగిసేసరికి వెనక ఎర్రబండి కుదుపుకి మూలిగింది. తండ్రి ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ ఎదురుగా ఉన్న రెండో క్లచ్ మీద కాలు వేశాడు.

"నాన్నా," అంది దారి మీంచి చూపు తిప్పకుండా, "ఆ కాలు తియ్యండి. బండి నేను నడుపుతున్నాను."